ఎన్నికల ఖర్చు లెక్కలో పార్టీ ఖర్చు ఎక్కడ? సెక్షన్ 77 సవరణకు మన వినతిపత్రం (చర్చ)

బెజవాడ పద్దు
విజయవాడ, గుంటూరు ఎంపీలకు ఇవ్వబోయే వినతిపత్రం ముసాయిదాలో మొదటి కోరిక "ఎన్నికల ఖర్చు పరిమితిని కఠినంగా అమలు చేయాలి" అని ఉంది. ఈ వాక్యాన్ని మార్చాలని నా మనవి. ఎవరు చదివినా తల ఊపి పక్కన పెట్టేస్తారు. ఏ సెక్షన్లో ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో రాస్తేనే సభలో అడగడానికి వీలుంటుంది.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. 2022 జనవరిలో ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో (1961) నిబంధన 90 సవరించాక మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి పరిమితి 95 లక్షలు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 సెక్షన్ 77 ప్రకారం నామినేషన్ రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు దాకా అభ్యర్థి గానీ ఎన్నికల ఏజెంటు గానీ పెట్టిన ఖర్చు, వాళ్లు పెట్టమన్న ఖర్చు మాత్రమే అభ్యర్థి పద్దులోకి వస్తుంది. 2024లో షెడ్యూలు ప్రకటనతో ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, నామినేషన్లు ఏప్రిల్ 18న మొదలయ్యాయి. మధ్యలో నెల రోజుల పైన. ఆ నెలలో జరిగిన ఆత్మీయ సమావేశాలు, విందులు, బైక్ ర్యాలీలు ఏ అభ్యర్థి పద్దులోనూ ఉండవు. ఇక పార్టీకైతే పరిమితే లేదు. అసెంబ్లీ ఎన్నిక అయిన 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి లెక్క ఇస్తే సరిపోతుంది. ఎంత ఖర్చు పెట్టినా తప్పు కాదు.

చట్టం తెలిసినవాళ్లు, లెక్కలు రాసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: సవరణ ఎలా రాయాలి?

అరండల్‌పేట లాయర్
పద్దు గారూ, ఒక సవరణ. పార్టీ ఖర్చు మొత్తం బయట ఉందనకండి, ఎవరైనా చట్టం తెరిచి చూపిస్తే మన కాగితం పరువు పోతుంది.

1974లో కన్వర్‌లాల్ గుప్తా, అమర్‌నాథ్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది: అభ్యర్థికి తెలిసి, అతని గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చును అతను కాదనకుండా వాడుకుంటే అది అతని ఖర్చే. ఆ తీర్పు వచ్చిన వెంటనే అదే ఏడాది సెక్షన్ 77కు ఒక వివరణ చేర్చి పార్లమెంటు దాన్ని పక్కకు నెట్టేసింది. పార్టీ పెట్టినా, మిత్రులు పెట్టినా అభ్యర్థికి సంబంధం లేదన్నారు. దాదాపు మూడు దశాబ్దాలు ఆ తలుపు బార్లా తెరిచే ఉంది.

2003 సవరణతో సగం మూశారు. ఇప్పుడు ఆ మినహాయింపు స్టార్ క్యాంపెయినర్ల, అంటే పార్టీ తరఫున ప్రచారానికి తిరిగే ముఖ్య నాయకుల, ప్రయాణ ఖర్చుకే. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీకి 20 మంది. నోటిఫికేషన్ వచ్చిన 7 రోజుల్లో పేర్లు ఇవ్వాలి. ఆ నాయకుడి సభావేదిక మీద అభ్యర్థి కూర్చున్నా, అతని పేరో ఫొటోనో అక్కడ కనిపించినా, నాయకుడి ప్రయాణం పోగా మిగతా సభ ఖర్చు అభ్యర్థిదే. నలుగురు అభ్యర్థులుంటే నాలుగు సమాన వాటాలు. హెలికాప్టర్‌లో నాయకుడితో కలిసి అభ్యర్థి ఎక్కితే ప్రయాణ ఖర్చులో సగం అతని పద్దులో పడుతుంది.

బయట మిగిలింది "పార్టీ సాధారణ ప్రచారం". అభ్యర్థి పేరు, ఫొటో లేకుండా పార్టీ గుర్తు, అధినేత బొమ్మతో వేసే హోర్డింగులు, టీవీ ప్రకటనలు, ఫోన్‌లో వచ్చే వీడియోలు. బెంజ్ సర్కిల్ దగ్గర అలాంటి హోర్డింగు పెడితే విజయవాడ తూర్పు అభ్యర్థికి ప్రయోజనం, పద్దు మాత్రం పార్టీ కేంద్ర కార్యాలయానిది. మనం మూయమని అడగాల్సింది ఈ సగం తలుపునే.

మొగల్రాజపురం
నా అభిప్రాయం వేరు. పరిమితి పెంచండి, లేదా ఎత్తేయండి. అసెంబ్లీకి 40 లక్షల్లో పోటీ చేయడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు. చేయలేని పరిమితి పెడితే పద్దులో అబద్ధం రాస్తారు. దానికన్నా ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో రోజువారీ బయటపెట్టమంటే ఓటరే తేల్చుకుంటాడు.

పటమట ఆడిటర్
మొగల్రాజపురం గారూ, 40 లక్షలు సరిపోతుందా లేదా అన్నది లెక్క వేసి చూద్దాం. రెండున్నర లక్షల ఓటర్లు, 250 బూత్‌లు అనుకోండి. ఓటరుకు 16 రూపాయలు, బూత్‌కు 16,000. ఇంటింటికీ కరపత్రం, ఇళ్లు 75,000, ఒక్కోటి 2 రూపాయలు: ఒక విడతకు లక్షన్నర. 10 ప్రచార ఆటోలు, మైకుతో సహా రోజుకు 2,500 అనుకుంటే 13 రోజులకు 3 లక్షల 25 వేలు. పోలింగ్ రోజు బూత్‌కు ఐదుగురు, టిఫిను భోజనం కలిపి మనిషికి 200: రెండున్నర లక్షలు. రెండు పెద్ద సభలు, వార్డు సభలు, కార్యాలయం అద్దె, కండువాలు అన్నీ కలిపినా నిజమైన ప్రచారానికి 40 లక్షలు మరీ తక్కువేం కాదు. పరిమితి దాటేది ఎక్కడంటే ఓటుకు పంచే దగ్గర, మనుషుల్ని లారీలకెత్తే దగ్గర. డబ్బు పంచడం లంచం, అది ఎన్నికల ఖర్చు కాదు. దానికోసం పరిమితి పెంచడం న్యాయం కాదు.

రెండోది, పద్దు ఎలా నడుస్తుందో చెబుతాను. సవరణ రాసేవాళ్లకు ఇది తెలియాలి.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. సొంత డబ్బైనా, విరాళమైనా ముందు అందులో పడాలి, ఖర్చు అందులోంచి పోవాలి. ఒక వ్యక్తికి లేదా సంస్థకు ఎన్నిక మొత్తం మీద నగదు 10,000 మించకూడదు. ఆపైన చెక్కు, డీడీ, ఆన్‌లైన్. రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకుకు. ప్రచార సమయంలో మూడుసార్లు వ్యయ పరిశీలకుడి ముందు పెట్టాలి. అటువైపు వీడియో బృందాలు తీసిన దృశ్యాల ఆధారంగా అధికారులు షాడో రిజిస్టరు రాస్తారు. కుర్చీ ఎంత, షామియానా ఎంత, టీ ఎంత అన్న ధరలు జిల్లా ఎన్నికల అధికారి పార్టీలతో మాట్లాడి ముందే ఖరారు చేస్తారు.

తేడా వచ్చే చోట్లు ఎప్పుడూ అవే. బిల్లులో 500 కుర్చీలు, వీడియోలో 1,200. వాహనానికి అనుమతి తీసుకుని వాడరు, అనుమతి తిరిగి అప్పగించరు. అలాంటప్పుడు బండి తిరిగినట్టే లెక్క వేస్తారు. నామినేషన్‌కు ముందే కొన్న కండువాలు, జెండాలు "పాత సరుకు" అని వదిలేస్తారు. ఎప్పుడు కొన్నా, వాడింది నామినేషన్ తర్వాతైతే రాయాల్సిందే. నామినేషన్ ఊరేగింపు కూడా అంతే. పార్టీ కార్యాలయం నుంచి వచ్చిన సామగ్రికి విలువ కట్టకుండా వదిలేయడం మరో తప్పు.

దీనివల్ల ఇబ్బంది పడేది చిన్న పార్టీవాళ్లు, స్వతంత్రులు. పెద్ద అభ్యర్థికి ఒక ఆడిటరు, ఇద్దరు గుమాస్తాలు ఉంటారు. స్వతంత్రుడు 3 లక్షలు ఖర్చు పెట్టి, ఓడిపోయాక విసుగొచ్చి లెక్క ఇవ్వడు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో సెక్షన్ 78 కింద లెక్క దాఖలు చేయకపోతే, సరైన కారణం చూపలేకపోతే సెక్షన్ 10ఏ కింద మూడేళ్ల అనర్హత. మూడు లక్షలవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. లెక్కకు రాని కోట్లతో ప్రచారం చేసుకున్నవాడికి కాగితాలన్నీ సక్రమం.

బ్రాడీపేట
ఆ చివరి మాట అక్షరాలా నిజం. కావాలంటే 10ఏ కింద అనర్హుల జాబితాలు చూడండి, చాలావరకు లెక్క ఇవ్వనివాళ్లే. ఎక్కువ ఖర్చు పెట్టి దొరికినవాళ్లు అరుదు.

మొగల్రాజపురం
అందుకే కదా నేను పరిమితి వద్దంటున్నది? బయటపెడితే చాలు.

అరండల్‌పేట లాయర్
బయటపెట్టడం కూడా అంత సులువుగా రాలేదండీ. దాత పేరు బయటికి రాకుండా పార్టీకి విరాళమిచ్చే ఎన్నికల బాండ్ల పథకం 2018 జనవరిలో నోటిఫై అయింది. అంతకుముందే 2017 ఫైనాన్స్ చట్టంతో కంపెనీ విరాళాల మీద ఉన్న పరిమితి, అంటే గత మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం, ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు, ఎవరికిచ్చిందో చెప్పక్కర్లేదు. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం రెండింటినీ కొట్టేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పడానికే ఆరేళ్లు పట్టింది. స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగితే మార్చి 11న కోర్టు తోసిపుచ్చింది, మూడు రోజుల్లో వివరాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోకి వచ్చాయి. రోజుల్లో అయ్యే పనేనని దానితోనే తేలింది.

ఇప్పటికీ పార్టీకి 20,000 దాటని విరాళాల పేర్లు ఎన్నికల సంఘానికి ఇవ్వాల్సిన పనిలేదు. నగదు 2,000 మించకూడదన్నారు గానీ, ఒకే డబ్బును రెండేసి వేలుగా విడగొట్టి రాస్తే పట్టుకునే మార్గం లేదు.

వెల్లడి కావాలి, పరిమితీ కావాలి. ఒకడి దగ్గర పది రెట్ల డబ్బు ఉందని ఓటరుకు తెలిసినంత మాత్రాన రెండోవాడి మాట అతని వీధిదాకా రాదు.

సింగ్‌నగర్ నాని
నియోజకవర్గం సైజు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఖర్చు, ప్రాతినిధ్యం రెండూ అక్కడే కలుస్తాయి.

2024లో రాష్ట్రంలో 4.1 కోట్లకు పైగా ఓటర్లు, 175 సీట్లు. సీటుకు సగటున 2.3 లక్షలు. పునర్విభజన చట్టం 2014 సెక్షన్ 26లో మన సీట్లు 225 చేయాలని ఉంది. అలా చేస్తే సగటు 1.8 లక్షలకు దిగుతుంది. రోజుకు 300 గడపలు ఎక్కే అభ్యర్థికి ఆ యాభై వేల ఓటర్ల తేడా చాలా పెద్దది. నియోజకవర్గం పెద్దదయ్యేకొద్దీ కాలినడక ప్రచారం పనికిరాదు, హోర్డింగు, వీడియో, బస్సులు కావాలి. అంటే డబ్బున్నవాడి పంట.

కానీ సెక్షన్ 26 "రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి" అన్న మాటతో మొదలవుతుంది. 170లో 2026 తర్వాతి మొదటి జనగణన దాకా సీట్ల సంఖ్య మార్చకూడదని ఉంది. ఆ ముడి విప్పమంటూ వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన నియోజకవర్గాల సరిహద్దులు ఇంకా 2001 జనాభా లెక్కల మీద 2008లో గీసినవే. ఈ మధ్యలో తాడేపల్లి, మంగళగిరి, విజయవాడ శివార్లు ఎంత పెరిగాయో చూస్తున్నాం.

కాబట్టి సీట్లు పెరిగేలోగా కనీసం పరిమితిని ఓటర్ల సంఖ్యతో ముడిపెట్టమని అడగాలి. ఇప్పుడు లక్షన్నర ఓటర్ల సీటుకూ, రెండున్నర లక్షల సీటుకూ ఒకటే 40 లక్షలు.

పటమట ఆడిటర్
నాని గారి సూచన బాగుంది, ఒక జాగ్రత్తతో. ఓటరుకు ఇంత అని మాత్రమే రాస్తే ఓటర్లు తక్కువున్న కొండ ప్రాంతాల సీట్లలో అన్యాయం జరుగుతుంది. అక్కడ జీపు లేకపోతే ఊరు చేరలేరు. అందుకని స్థిరంగా 20 లక్షలు, ఆపైన ఓటరుకు 8 రూపాయలు. రెండున్నర లక్షల సీటుకు సరిగ్గా 40 లక్షలే వస్తుంది, 1.8 లక్షల సీటుకు 34 లక్షల 40 వేలు. ఎవరూ "పెంచమంటున్నారు" అని అనలేరు. బ్రిటన్‌లో అభ్యర్థి పరిమితికి ఇలాంటి పద్ధతే ఉంది, స్థిర మొత్తం, దాని మీద ఓటరుకు ఇన్ని పెన్నీలు.

ఎంపీల లెక్క ఇంకా విచిత్రం. విజయవాడ లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సీట్లు: తూర్పు, మధ్య, పశ్చిమ, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు. ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థుల పరిమితి కలిపితే 2.80 కోట్లు, అంతే భూమి మీద అంతే ఓటర్ల కోసం ఎంపీ అభ్యర్థికి 95 లక్షలు. మనకు రెండు ఎన్నికలూ ఒకే రోజు కాబట్టి ఫ్లెక్సీ మీద ఇద్దరి బొమ్మలూ వేస్తారు, ఖర్చు పంచుకోవాలి. పద్దులో ఎంపీ వాటా మాయమవడం ఇక్కడే ఎక్కువ.

కొత్తపేట గుంటూరు
ఫ్లెక్సీల సంగతి వచ్చింది కాబట్టి. కింది మూల చూడండి. సెక్షన్ 127ఏ ప్రకారం ముద్రించినవాడి పేరు, చిరునామా, ప్రచురించినవాడి పేరు, చిరునామా ఉండాలి. ప్రచురించేవాడు ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిన ప్రకటన ప్రెస్సువాడికి ఇవ్వాలి, ప్రెస్సు దాన్నీ, ఒక ప్రతినీ జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. చాలా ఫ్లెక్సీల్లో ఆ మూల ఖాళీ, లేదా "అభిమానులు" అని ఉంటుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని ప్రచారానికి వేరేవాళ్లు ఖర్చు పెడితే అది నేరమే. కానీ శిక్ష? పాత శిక్షాస్మృతి 171హెచ్‌లో జరిమానా 500 రూపాయలు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 176లో 10,000 దాకా చేశారు. లక్ష రూపాయల ఫ్లెక్సీలు వేసేవాడికి అది ఆనదు. ఖర్చు పెట్టినంత మొత్తం జరిమానాగా వేయాలని రాయండి, ఆ ఖర్చును అభ్యర్థి 48 గంటల్లో రాతపూర్వకంగా కాదనకపోతే అతని పద్దులోనే వేయాలని కూడా.

బ్రాడీపేట
48 గంటల మాట బాగుంది. 1974 తీర్పులో ఉన్న "కాదనకుండా వాడుకుంటే" అన్న సూత్రమే కదా ఇది.

అరండల్‌పేట లాయర్
అవును, అందుకే కోర్టు ముందు నిలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన లోపం, గడువులది. ఫలితం వచ్చిన 30 రోజుల దాకా అభ్యర్థి లెక్క ఇవ్వొచ్చు. ఎన్నికల పిటిషన్ హైకోర్టులో వేయడానికి సెక్షన్ 81 కింద 45 రోజులే. 2024లో ఫలితం జూన్ 4న. లెక్కకు ఆఖరు జులై 4, పిటిషన్‌కు ఆఖరు జులై 19. ఆ పదిహేను రోజుల్లో ప్రతులు సంపాదించి, షాడో రిజిస్టరుతో పోల్చి, సాక్ష్యాలు కూర్చి, హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లి దాఖలు చేయాలి. సామాన్య ఓటరు వల్ల కాదు. ఓటరుకు కూడా పిటిషన్ వేసే హక్కు ఉంది కాబట్టే చెబుతున్నాను. లెక్కకు 15 రోజులు చాలు. ప్రతి వోచరూ రోజువారీ రాసి ఉంటే అంతకన్నా ఎందుకు?

పద్దులో అబద్ధం రాస్తారని మొగల్రాజపురం గారు అన్నారు. 2014లో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు, గడువులోగా కాగితం ఇచ్చారా లేదా అన్నదే కాక ఆ లెక్క నిజమా కాదా అని కూడా ఎన్నికల సంఘం విచారించవచ్చని చెప్పింది. అంతకుముందు 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను డబ్బిచ్చి రాయించుకున్న వార్తల ఖర్చు చూపలేదని మూడేళ్లు అనర్హురాలిని చేశారు. అధికారం ఉంది, వాడేలోగా పదవీకాలం చాలావరకు అయిపోతోంది. విచారణకు ఆరు నెలల గడువు చట్టంలోనే రాయాలి.

మొగల్రాజపురం
గడువుల విషయం ఒప్పుకుంటాను. పార్టీ పరిమితి ఎంత పెడతారు? అంకె లేకుండా అడగొద్దు.

బెజవాడ పద్దు
నిలబెట్టిన ప్రతి అభ్యర్థికి, అభ్యర్థి పరిమితిలో సగం. 175 సీట్లలో పోటీ చేస్తే 175 × 20 లక్షలు, 35 కోట్లు. 20 సీట్లలో పోటీ చేసే చిన్న పార్టీకి 4 కోట్లు. బ్రిటన్‌లో 2000 నుంచి పార్టీ పరిమితి ఉంది, 2023లో పోటీచేసే ఒక్కో నియోజకవర్గానికి 54,010 పౌండ్లు చేశారు. మన ఎన్నికల సంఘం కూడా పార్టీ ఖర్చుకు పరిమితి ఉండాలని కేంద్రానికి ప్రతిపాదించింది.

సింగ్‌నగర్ నాని
రిజర్వుడు సీట్లకు ఇది మరీ అవసరం. నందిగామ, తిరువూరు, తాడికొండ, ప్రత్తిపాడు. అక్కడ అభ్యర్థి పేదవాడైతే ఖర్చు ఇంకొకరు పెడతారు, గెలిచాక పెత్తనం కూడా వాళ్లదే అవుతుంది. సీటు ఎస్సీలకు రిజర్వు చేసి, నిర్ణయాలు పెట్టుబడి పెట్టినవాడి చేతిలో ఉంటే ఆ ప్రాతినిధ్యం ఎవరిది? అభ్యర్థికి డబ్బిచ్చినవాళ్ల పేర్లు పోలింగ్‌కు మూడు రోజుల ముందే జిల్లా వెబ్‌సైట్లో పెట్టాలని రాయండి. ఫలితం తర్వాత తెలిసి లాభం లేదు.

అరండల్‌పేట లాయర్
కాగితం ఎవరికి ఏది పంపాలో కూడా విడదీయాలి. సెక్షన్ 77, 78, 81 పార్లమెంటు పని, ఎంపీలకు. 40 లక్షలు, 95 లక్షల అంకె నిబంధన 90లో ఉంది. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే మార్చవచ్చు, కాబట్టి న్యాయశాఖకు ఒక ప్రతి. అసెంబ్లీ ఎన్నికల మీద రాష్ట్రానికి 328వ అధికరణ కింద అధికారం ఉన్నా పార్లమెంటు చట్టం చేసిన చోట అది పనిచేయదు. ఎమ్మెల్యేలను అడగాల్సింది మున్సిపల్, పంచాయతీ ఎన్నికల గురించి. అవి పూర్తిగా రాష్ట్ర చట్టాలు, వెలగపూడిలో సభ తలచుకుంటే ఒక సమావేశంలో అయిపోతుంది. విజయవాడ కార్పొరేషన్‌కు 64 డివిజన్లు, గుంటూరుకు 57. మనం అడిగే పద్ధతి పనిచేస్తుందో లేదో అక్కడే చూపించవచ్చు.

బెజవాడ పద్దు
అయితే ఎంపీల ప్రతిలో పాఠం ఇలా పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"సెక్షన్ 77(1)లో 'నామినేషన్ వేసిన తేదీ నుంచి' అన్నచోట 'ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన తేదీ నుంచి' అని ఉండాలి. పార్టీ మొత్తం ఖర్చు, నిలబెట్టిన అభ్యర్థుల సంఖ్యను అభ్యర్థి పరిమితిలో సగంతో హెచ్చించిన మొత్తాన్ని మించరాదు. అభ్యర్థికి మేలు చేసే మూడో వ్యక్తి ఖర్చును, తెలిసిన 48 గంటల్లో అభ్యర్థి రాతపూర్వకంగా తిరస్కరించకపోతే అతని ఖర్చుగా పరిగణించాలి. సెక్షన్ 78లో 30 రోజులకు బదులు 15 రోజులు."

పటమట ఆడిటర్
మొదటి వాక్యంలో చిక్కు ఉంది. షెడ్యూలు నాటికి అతను అభ్యర్థే కాదు. టికెట్టు రాక విరమించుకున్నవాడి ఖర్చు ఎవరి మీద వేస్తారు? "నామినేషన్ వేసిన అభ్యర్థి, షెడ్యూలు ప్రకటించిన తేదీ నుంచి తాను పెట్టిన ఖర్చును" అని రాయండి. నామినేషన్ వేసినవాడికే వర్తిస్తుంది, లెక్క మాత్రం వెనక్కి వెళ్తుంది. బ్యాంకు ఖాతా కూడా అప్పటినుంచే ఉండాలి, లేకపోతే వెనక తేదీల నగదు వోచర్లు కుప్పలుగా వస్తాయి.

కొత్తపేట గుంటూరు
"తెలిసిన 48 గంటల్లో" కూడా మార్చండి. తనకు తెలియదనే అంటాడు. "రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చిన 48 గంటల్లో".

బెజవాడ పద్దు
రెండూ మార్చాను. ప్రైవేటు మెంబరు బిల్లుకు లోక్‌సభలో నెల ముందు నోటీసు కావాలి కాబట్టి సమావేశాల తేదీలు రాకముందే కాగితం ఎంపీల చేతిలో ఉండాలి. ఆడిటర్ గారి 16 రూపాయల లెక్క, గడువుల తేదీలు ఒక పేజీగా వెనక జత చేస్తున్నాను. స్థానిక ఎన్నికల ప్రతి లాయర్ గారు రాస్తే ఎమ్మెల్యేలకు విడిగా ఇద్దాం.